క్యాసెట్ రెండో వైపు: ద ప్రాడిజీ ప్రయాణం

(ఇంగ్లండ్ బ్యాండు ద ప్రాడిజీ గురించి ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగానికి రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేసిన పాఠం ఇది. మధ్యలో వినిపించిన పాటల దగ్గర పాట పేరు మాత్రం ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకి రండి, ఇక్కడ చాప మీద చోటుంది. స్పీకర్ పక్కన కూర్చున్నవాళ్లు మాత్రం కాస్త ఇటు జరగండి. కాసేపట్లో దానికి గట్టిగానే పని పడుతుంది.

ముందు ఒక్క ఆరు సెకండ్లు వినండి. విన్నారా? మళ్లీ పెడతాను, వినండి. అంతే. డ్రమ్ములు తప్ప ఇంకేం లేవు. ఇది 1969లో ద విన్‌స్టన్స్ అనే అమెరికా బృందం రికార్డు చేసిన "ఆమెన్, బ్రదర్" పాట మధ్యలోది. బూరలు ఊదేవాళ్లు, గిటార్ వాయించేవాళ్లు అందరూ ఆగిపోతారు. డ్రమ్మర్ ఒక్కడే నాలుగు బార్లు, అంటే నాలుగు తాళం చుట్లు, వాయిస్తాడు. ఆ చోటుని బ్రేక్ అంటారు. మన పెళ్లి ఊరేగింపులో బ్యాండువాళ్లు ట్రంపెట్ ఆపేసి ఉత్త డ్రమ్ములు మోగించే ఘడియ ఒకటి వస్తుంది కదా? అప్పటిదాకా గట్టు మీద చేతులు కట్టుకుని నించున్న బాబాయి కూడా సరిగ్గా అప్పుడే దిగుతాడు కదా? అదండీ బ్రేక్ అంటే.

న్యూయార్క్ డీజేలు 70ల్లో ఆ చోటుని పట్టుకుని, రెండు రికార్డులు మార్చి మార్చి తిప్పుతూ సాగదీశారు. హిప్‌హాప్ అలా పుట్టింది. 80ల చివర ఇంగ్లండ్ కుర్రాళ్లు అదే చోటుని పట్టుకుని వేగం పెంచారు. 33 మీద తిరగాల్సిన రికార్డుని 45 మీద తిప్పితే ఎలా ఉంటుందో అలాగన్నమాట. దాని కింద గుండెని తోసే బేస్, దాని పైన కీచుమనే సింథ్, అంటే కరెంటుతో ధ్వనులు పుట్టించే కీబోర్డు. దానికి బ్రేక్‌బీట్ హార్డ్‌కోర్ అని పేరు. ఈ రోజు మాట్లాడుకోబోయే ద ప్రాడిజీ ఆ సంగీతంలోంచి వచ్చింది. ఇందాక మీరు విన్న ఆ డ్రమ్మర్ పేరు గ్రెగరీ కోల్‌మన్. ఆయన ఆరు సెకండ్ల మీద వేల పాటలు కట్టారు. రాయల్టీగా ఆయన చేతికి ఒక్క పైసా రాలేదు. 2006లో పోయాడు. ఆ పేరు చెప్పకుండా మిగతా కథలోకి వెళ్లడానికి నాకు మనసొప్పదు.

సరే, రేవ్ అంటే ఏంటి? మన పత్రికల్లో రేవ్ పార్టీ అనగానే ఫామ్‌హౌస్, పోలీసులు, పట్టుబడ్డవాళ్ల ఫోటోలు. ఆ మాటకి అసలు అర్థం మన దాకా రాలేదు. 1988, 89లో ఇంగ్లండ్‌లో జరిగింది వేరు. లండన్ చుట్టూ ఎం25 అని రింగు రోడ్డు ఉంది. శనివారం రాత్రి వందల కార్లు ఆ రోడ్డు మీదికి వచ్చేవి. పార్టీ ఎక్కడో ముందు ఎవరికీ తెలియదు. ఒక ఫోన్ నంబర్ ఉంటుంది. పెట్రోలు బంకు దగ్గర ఆగి, పబ్లిక్ ఫోన్‌లోంచి చేస్తే రికార్డు చేసిన గొంతు దారి చెప్తుంది. ఏదో గోదాము, ఏదో పొలం. పొద్దెక్కేదాకా ఆట. మత్తుమందులు ఉన్నాయా? ఉన్నాయి, ఆ సంగతి దాచక్కర్లేదు. కానీ నన్ను ఆశ్చర్యపరిచేది వేరే. అక్కడ స్టేజీ లేదు. హీరో లేడు. డీజే ఏ మూలో ఉంటాడు, ఎవరూ అటు చూడరు. మనుషులు ఒకరినొకరు చూసుకుంటూ ఆడతారు. చూడాల్సింది గుంపునే.

మరి చూడ్డానికి ఎవరూ లేని చోట నుంచి ఒక బ్యాండు ఎలా పుడుతుంది? నేను ఈ రోజు చెప్పదలుచుకున్నది ఇదే. ప్రాడిజీ గుంపు ముందు నిలబడ్డ బ్యాండు కాదు. గుంపే స్టేజీ ఎక్కింది. వాళ్లు ముప్పై ఏళ్లు దాటి నిలిచారంటే కారణం అదే అని నేను నమ్ముతాను.

కథ ఎసెక్స్ జిల్లాలో బ్రెయిన్‌ట్రీ అనే ఊళ్లో మొదలవుతుంది. లండన్‌కి ఈశాన్యంగా ఉండే మామూలు ఊరు. అక్కడ లియమ్ హౌలెట్ అని కుర్రాడు, 1971లో పుట్టాడు. చిన్నప్పుడు పియానో నేర్చుకున్నాడు. తర్వాత హిప్‌హాప్ పిచ్చి పట్టింది, కట్ టు కిల్ అనే బృందంలో డీజేగా చేశాడు. ఆ తర్వాత రేవ్‌లకి వెళ్లడం మొదలుపెట్టాడు. బ్రెయిన్‌ట్రీ పక్కనే రేన్ అనే పల్లెలో ద బార్న్ అని ఒక క్లబ్బు. అక్కడ లియమ్ రికార్డులు తిప్పుతుంటే కీత్ ఫ్లింట్ అనే అతను వచ్చి, నాకో మిక్స్ క్యాసెట్ చేసిపెట్టవా అని అడిగాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఇక్కడ క్యాసెట్ వాడినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. బాగానే ఉన్నారు. అయితే మీకు తెలుసు, క్యాసెట్ అంటే రెండు వైపులు. లియమ్ ఒక వైపు అడిగిన మిక్స్ నింపాడు. రెండో వైపు తన ఇంట్లో, తన గదిలో, తానే కట్టిన పాటలు నింపాడు. పైన పెన్నుతో ప్రాడిజీ అని రాశాడు. అది మూగ్ కంపెనీ సింథసైజర్ ఒకదాని పేరు. కీత్ ఇంటికి వెళ్లి, తన స్నేహితుడు లీరాయ్ థార్న్‌హిల్‌తో కలిసి ఆ రెండో వైపు విన్నాడు. ఇద్దరూ ఆడేవాళ్లే, వాయించడం రాదు. తిరిగొచ్చి లియమ్‌తో ఏమన్నారు? నీ పాటలు స్టేజీ మీద పెట్టు, మేం ఆడతాం అన్నారు. అంతే. బ్యాండు అలా తయారైంది. మొదట్లో షార్కీ అనే అమ్మాయి కూడా వాళ్లతో ఆడింది, తొందరలోనే తప్పుకుంది. పీటర్‌బరో నుంచి మాక్సిమ్ మైకు పట్టుకుని వచ్చి చేరాడు. అతను రెగే, అంటే జమైకా పాటల్లో పెరిగినవాడు.

మొదటి షో లండన్‌లో, డాల్‌స్టన్‌లోని లాబరింత్‌లో. ఆ భవనం అంతకుముందు ఫోర్ ఏసెస్ అనే క్లబ్బు. జమైకా నుంచి వచ్చినవాళ్ల సంగీతానికి ఏళ్ల తరబడి గూడు అది. తర్వాత ఆ గోడల మధ్యే రేవ్ మొదలైంది. కాబట్టి వీళ్ల పాటల్లో రెగే వినిపిస్తే అది ఎక్కడినుంచో ఎత్తుకొచ్చిన అలంకారం అనుకోకండి. ఆ ఇంటి పొయ్యి మీద ఉడికిందే అది. "ఔట్ ఆఫ్ స్పేస్" విన్నవాళ్లకి నేను చెప్పేది అర్థమవుతుంది. డ్రమ్ములు ఉరుకుతుంటాయి, ఉన్నట్టుండి అన్నీ ఆగిపోతాయి, జమైకా గాయకుడు మాక్స్ రోమియో గొంతు తాపీగా వస్తుంది. ఆయన 1976 పాట "చేజ్ ద డెవిల్" లోంచి తీసుకున్న ముక్క.

ఇంతకీ లియమ్ దేని మీద కట్టాడు ఇవన్నీ? రోలాండ్ డబ్ల్యూ-30 అనే కీబోర్డు. ధ్వని ముక్కల్ని పట్టి దాచుకునే శాంప్లర్, వాటిని వరసలో వాయించే సీక్వెన్సర్ రెండూ అందులోనే. ఇక్కడ ల్యాప్‌టాప్ మీద బీట్లు చేసే పిల్లలు ఉన్నారు, మీరు జాగ్రత్తగా వినండి. అందులో పట్టే ధ్వని మొత్తం కలిపి అర నిమిషం లోపే. అంతకుమించి మెమరీ లేదు. పాట మొత్తానికి కావలసిన డ్రమ్ములు, గొంతులు, అరుపులు, అన్నీ అందులోనే సర్దాలి. ఏం చేస్తాం? ప్రతి ముక్కనీ కత్తిరిస్తాం. ముక్కకి ముందున్న ఊపిరిని కత్తిరిస్తాం, వెనకున్న గూంజుని కత్తిరిస్తాం. వేగం పెంచితే ముక్క పొట్టిదవుతుంది, చోటు మిగులుతుంది. ఆ పాటల్లో దెబ్బ అంత పొడిగా, అంత సూటిగా ఎందుకు తగులుతుందంటే యంత్రంలో చోటు లేక. ఫ్లాపీ డిస్కు లోపల పెట్టి, అది గరగరమని చదివేదాకా ఆగి, అప్పుడు వాయించాలి. మీ ల్యాప్‌టాప్‌లో ఇప్పుడు ఎన్ని వేల శబ్దాలు ఉన్నాయి?

1991 ఫిబ్రవరిలో ఎక్స్‌ఎల్ రికార్డింగ్స్ అనే కంపెనీ ప్రాడిజీ మొదటి రికార్డు తెచ్చింది, "వాట్ ఈవిల్ లర్క్స్". రెండోది "చార్లీ". అదే ఏడాది ఆగస్టులో వచ్చి ఇంగ్లండ్ పాటల అమ్మకాల చార్టులో 3వ స్థానానికి ఎక్కింది. చార్లీ ఎవరో తెలుసా? ఒక పిల్లి. 70ల్లో అక్కడి టీవీలో పిల్లలకి జాగ్రత్తలు చెప్పే చిన్న బొమ్మల చిత్రాలు వచ్చేవి. అగ్గిపెట్టెతో ఆడొద్దు, ఎక్కడికైనా వెళ్లేముందు అమ్మకి చెప్పి వెళ్లాలి, ఇలాంటివి. పిల్లి ఏదో మ్యావ్ మ్యావ్ అంటుంది, పక్కనున్న పిల్లాడు దాని అర్థం చెప్తాడు. లియమ్ ఆ పిల్లి మ్యావుని తీసి డ్రమ్ముల మీద వేశాడు. ఆలోచించండి. ఆ రాత్రి గోదాములో ఆడుతున్నవాళ్లందరూ ఇరవై ఏళ్ల వయసువాళ్లు. అందరూ చిన్నప్పుడు అదే పిల్లిని అదే టీవీలో చూసినవాళ్లు. తెల్లవారుజామున మూడింటికి, ఇంట్లో చెప్పకుండా వచ్చిన చోట, ఆ గొంతు వినిపిస్తే వేలమందికి ఒకేసారి ఒళ్లు జలదరించదా?

కానీ దాని వెనకే మిగతావాళ్లు మొదలుపెట్టారు. పిల్లల టీవీ పాటలన్నిటికీ డ్రమ్ములు తగిలించారు. స్మార్ట్ ఈస్ అనే బృందం "సెసమీస్ ట్రీట్", అర్బన్ హైప్ "ఎ ట్రిప్ టు ట్రంప్టన్", అన్నీ 1992లోనే. అవీ చార్టుల్లో పైకి ఎక్కాయి. దాంతో మిక్స్‌మ్యాగ్ అనే డాన్స్ పత్రిక 1992 ఆగస్టు సంచికలో నేరుగా అడిగేసింది, రేవ్‌ని చంపింది చార్లీయేనా అని. ఇరవై ఒక్కటి నిండుతున్న కుర్రాడు. తనకి ప్రాణమైన సంగీతాన్ని తానే చంపాడని తన వాళ్లే రాస్తే ఎలా ఉంటుంది? మనలో రాసేవాళ్లు, పాడేవాళ్లు ఉన్నారు, మీకు తెలుస్తుంది.

వాళ్ల మొదటి ఆల్బం "ఎక్స్‌పీరియన్స్" ఆ సెప్టెంబరులోనే వచ్చింది, 12వ స్థానం దాకా వెళ్లింది. ఈ రోజు వింటే ఆ ఆల్బంలో చిల్లరతనం ఏదీ లేదు. ఆ కాలం బ్రేక్‌బీట్ హార్డ్‌కోర్‌లో ఒక్కటే ఆల్బం వినాలి, ఏది వినమంటావు అని అడిగితే నేను అదే చేతిలో పెడతాను. కానీ క్లబ్బుల డీజేలు ప్రాడిజీ పేరు చూస్తే రికార్డు పక్కన పెట్టేసే పరిస్థితి వచ్చింది. లియమ్ ఏం చేశాడో చూడండి. 1993లో కొత్త పాట కట్టి, పేరు లేకుండా తెల్ల లేబుల్ రికార్డుగా వదిలాడు. దాని మీద ఎర్త్‌బౌండ్ అని మాత్రమే ఉంది. ఎవరిదో తెలియదు కాబట్టి డీజేలు వేశారు. జనం ఆడారు. తర్వాత అదే పాట "వన్ లవ్" అని ప్రాడిజీ పేరుతో వచ్చింది. ఎవరితోనూ వాదించలేదు, పత్రికకి జవాబు రాయలేదు. గుంపు దగ్గరికే తీసుకెళ్లి తీర్పు అడిగాడు.

ఆ రోజుల్లో ఉన్న మిగతా బృందాల మాట కూడా చెప్పుకోవాలి. స్టాఫర్డ్ నుంచి ఆల్టర్న్-8 అని ఇద్దరు, రసాయన ఆయుధాల నుంచి కాపాడే సూట్లు, మూతికి మాస్కులు కట్టుకుని వచ్చేవారు. ఎస్‌ఎల్2 అనే బృందం "ఆన్ ఎ రాగ్గా టిప్" పాటతో 1992లో 2వ స్థానం అందుకుంది. మంచి సంగీతం, ఇంటికెళ్లి వినండి. కానీ ఆ అల తగ్గాక చార్టుల్లో వాళ్లు మళ్లీ అంత ఎత్తున కనబడలేదు.

ఇక చట్టం సంగతి. 1992 మే నెలలో కాసిల్‌మార్టన్ కామన్ అనే చోట, కొండల పక్కన బహిరంగ మైదానంలో, ఇరవై వేలకి పైగా జనం చేరారు. వారం రోజులు పాటలు. టీవీలో రోజూ అదే వార్త. ప్రభుత్వం కదిలింది. 1994 నవంబరులో క్రిమినల్ జస్టిస్ అండ్ పబ్లిక్ ఆర్డర్ చట్టం వచ్చింది. అందులో 63వ సెక్షన్ చదివితే మీకు నమ్మబుద్ధి కాదు. రాత్రిపూట ఆరుబయట వందమంది గానీ అంతకు మించి గానీ చేరి, పెద్ద శబ్దంతో సంగీతం పెడితే పోలీసులు చెదరగొట్టవచ్చని అప్పుడు రాశారు. మరి సంగీతం అంటే ఏమిటి? చట్టంలోనే నిర్వచనం రాశారు. పూర్తిగా గానీ ప్రధానంగా గానీ మళ్లీ మళ్లీ వచ్చే దరువుల వరసతో కూడిన శబ్దాలు కూడా అందులోకి వస్తాయట. పార్లమెంటు కూర్చుని దరువుకి నిర్వచనం రాసిందండీ. ఏ దరువు మళ్లీ మళ్లీ రాదు? డప్పు రాదా? భజనలో తాళం రాదా?

ఆ చట్టం ఇంకా బిల్లుగా ఉన్నప్పుడే, 1994 జులైలో, రెండో ఆల్బం వచ్చింది. "మ్యూజిక్ ఫర్ ద జిల్టెడ్ జెనరేషన్". నేరుగా 1వ స్థానం. అందులో పాప్ విల్ ఈట్ ఇట్‌సెల్ఫ్ బృందంతో చేసిన "దెయిర్ లా", అంటే వాళ్ల చట్టం, అనే పాట పేరులోనే ప్రాడిజీ జవాబు ఉంది. ఆల్బం అట్ట లోపల లెస్ ఎడ్వర్డ్స్ వేసిన బొమ్మ ఒకటి ఉంటుంది. ఇదిగో, ఇది చేతులు మార్చుకుంటూ వెనక దాకా పంపండి. లోయ మీద తాళ్ల వంతెన. అవతలి గట్టున పోలీసులు, పొగ, నగరం. ఇవతలి గట్టున పచ్చిక, స్పీకర్లు, ఆడుతున్న జనం. మధ్యలో జుట్టు పెంచిన కుర్రాడొకడు వంతెన తాడు కోస్తున్నాడు, రెండో చేత్తో అవతలివాళ్లకి మధ్యవేలు చూపిస్తున్నాడు. జాగ్రత్తగా చూడండి, బొమ్మలో బ్యాండు ఎక్కడా లేదు. ఉన్నది గుంపే.

ఇక కీత్ దగ్గరికి వద్దాం. 1990లో మొదలైనప్పటి నుంచీ అతను ఆ బ్యాండులో ఉన్నాడు. 1996 దాకా పాట పాడలేదు, ఏదీ వాయించలేదు. ఆడాడు, అంతే. ఊరికే డాన్స్ చేసేవాణ్ని బ్యాండు సభ్యుడు అంటారా అని ఎంతోమంది అడిగారు. నేను మిమ్మల్ని తిరిగి అడుగుతాను. రేవ్‌లో ఆడేవాడు కాకపోతే ఇంకెవరు ముఖ్యం? 1996 మొదట్లో లియమ్ దగ్గర గొంతు లేని పాట ఒకటి తయారుగా ఉంది. కీత్ విని, దీనికి మాటలు నేను రాస్తాను అన్నాడు. అదే "ఫైర్‌స్టార్టర్", అంటే నిప్పు పెట్టేవాడు. మార్చిలో వచ్చింది, మూడు వారాలు 1వ స్థానంలో ఉంది. లండన్‌లో మూసేసిన ఆల్డ్‌విచ్ మెట్రో స్టేషన్ సొరంగంలో, నలుపు తెలుపులో వీడియో తీశారు. మధ్యలో గొరిగేసి రెండు వైపులా కొమ్ముల్లా నిలబెట్టిన జుట్టు, కళ్ల చుట్టూ కాటుక. టీవీలో చూసి పిల్లలు భయపడుతున్నారని ఫిర్యాదులు వెళ్లాయి.

నేను మొదటిసారి చూసింది హాస్టల్ టీవీ గదిలో. క్రికెట్ మ్యాచ్ మధ్యలో ఎవరో ఛానెల్ మార్చారు. వాలీబాల్ ఆడొచ్చి చెమటతో నిలబడ్డ ఇరవైమందిమి, ఎవరూ మళ్లీ మార్చమనలేదు. ఇంగ్లీషు మాట ఒక్కటీ నాకు అర్థం కాలేదు. కానీ ఆ మనిషి అన్నేళ్లు నోరు మూసుకుని ఉన్నాడని తర్వాత తెలిసినప్పుడు, ఆ గొంతులో ఆ తొందర ఎక్కడిదో తెలిసింది.

1997 వేసవిలో "ద ఫ్యాట్ ఆఫ్ ద ల్యాండ్". ఇంగ్లండ్‌లో 1, అమెరికాలో కూడా వచ్చీ రావడంతోనే 1. ఇంగ్లండ్‌లో మొదటి వారం 3,17,000 కాపీలు అమ్ముడైతే గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఆ ఏడాది జూన్‌లో గ్లాస్టన్‌బరీ సంగీత ఉత్సవంలో, మోకాలి లోతు బురదలో, శుక్రవారం రాత్రి ముఖ్య బృందం వీళ్లే.

ఈ ఆల్బంలో మన చెవికి తెలిసినవి రెండున్నాయి. ఒకటి "నారాయణ్". తొమ్మిది నిమిషాల పాట. కూలా షేకర్ అనే ఇంగ్లండ్ బృందం గాయకుడు క్రిస్పియన్ మిల్స్ పాడాడు. మధ్యలో నారాయణ మంత్రం జపంలా తిరుగుతూ ఉంటుంది. మా అమ్మ పక్క గదిలోంచి విని, ఇదేంట్రా మన గుళ్లో మాట అని వచ్చి తలుపు దగ్గర నిలబడింది. రెండోది ఆ ఆల్బం మొదటి పాట, "స్మాక్ మై బిచ్ అప్". ఆ పాటలో చివరికి ఒక ఆలాపన లేస్తుంది. పాడింది ఎసెక్స్ అమ్మాయే, షాహిన్ బదర్. లండన్‌లో పెరిగిన షీలా చంద్ర పాడిన పాట ఒకటి దానికి ఆధారం. ఆ ఆలాపన నాకు చాలా ఇష్టం. ఆ పాట పేరు మాత్రం నాకు ఇష్టం లేదు, అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఆ మాట అమెరికా ర్యాప్ బృందం అల్ట్రామాగ్నెటిక్ ఎంసీస్ నుంచి తీసుకున్నది, కొట్టమని దాని భావం కాదని బ్యాండు చెప్పింది. మహిళా సంఘాలు నిరసన తెలిపాయి, 1998 రెడింగ్ ఉత్సవంలో ఆ పాట వేయొద్దని అమెరికా ర్యాప్ బృందం బీస్టీ బాయ్స్ అడిగారు. వీళ్లు వేశారు. నా మట్టుకు నాకు, అడిగినవాళ్ల మాట న్యాయంగానే అనిపిస్తుంది. ఇష్టమైన బ్యాండు కాబట్టి అన్నీ వెనకేసుకురావాలని లేదు కదా.

తర్వాతి ఇరవై ఏళ్లు త్వరగా చెప్పేస్తాను. 2000లో లీరాయ్ వెళ్లిపోయాడు. 2004 ఆల్బంలో కీత్ గొంతూ లేదు, మాక్సిమ్ గొంతూ లేదు, లియమ్ ఒక్కడే చేసుకున్నాడు. బాగా చేశాడు, కానీ నాకు ఆ ఆల్బంలో ఇల్లు ఖాళీగా వినిపిస్తుంది. 2009లో "ఇన్‌వేడర్స్ మస్ట్ డై"తో ముగ్గురూ కలిశారు, సొంత లేబుల్ మీద, అంటే సొంత రికార్డు కంపెనీ మీద. అందులో "వారియర్స్ డాన్స్" వినండి, ఇరవై ఏళ్ల వెనకటి గోదాములోకి తీసుకెళ్తుంది. 2018లో "నో టూరిస్ట్స్", మళ్లీ 1వ స్థానం.

కీత్ ఎసెక్స్‌లోనే, ప్లెషీ అనే పల్లెలో ఒక పబ్బు నడిపాడు. చలికాలం తనే వంగి పొయ్యిలో కట్టెలు పేర్చి నిప్పంటించేవాడు. అది చూసి ఎవరైనా ఫైర్‌స్టార్టర్ అని పాట ఎత్తుకుంటే, పక్కనున్న జాడీలో ఒక పౌండు వేయాలి. ఆ డబ్బు దానానికి. ప్రపంచాన్ని భయపెట్టిన ఆ మనిషి, ఆ పల్లెలో కట్టెలు సర్దుకుంటూ కూర్చునేవాడు.

2019 మార్చి 4న ఇంట్లో చనిపోయి కనిపించాడు. 49 ఏళ్లు. ఎందుకు, ఏమిటి అని నేను మాట్లాడను. విచారణ అధికారి కూడా తేల్చి చెప్పలేదు. మార్చి 29న బ్రెయిన్‌ట్రీ పక్కన బోకింగ్‌లో అంత్యక్రియలు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన జనం రోడ్డుకి రెండు వైపులా నిలబడ్డారు. నల్ల బట్టలు, జుట్టు కొమ్ములు, చేతుల్లో పువ్వులు. గుంపులోంచి వచ్చినవాణ్ని గుంపే సాగనంపింది.

2022 జులైలో లియమ్, మాక్సిమ్ మళ్లీ ఇంగ్లండ్ యాత్ర మొదలుపెట్టారు. 2025లో కూడా, గ్లాస్టన్‌బరీలో అదర్ స్టేజ్ అనే వేదిక మీద ఆదివారం రాత్రి ముగింపు వాళ్లదే. ఆ 2022 షోల్లో "ఫైర్‌స్టార్టర్" వచ్చినప్పుడు ఏం చేశారంటే, కీత్ మాటలు ఎవరూ పాడలేదు. డ్రమ్ములు, గిటార్, అంతే. చీకట్లో ఆకుపచ్చ లేజర్ గీతలతో కీత్ ఆకారం లేచింది, ఆ రెండు కొమ్ములతో సహా. స్టేజీ మీద మైకు ఖాళీగా ఉంది. మాటలు తెలిసినవాళ్లు కింద వేలమంది ఉన్నారు కదా.

ప్రశ్నలు ఉంటాయి, నాకు తెలుసు, తర్వాత టీ దగ్గర మాట్లాడుకుందాం. ఇప్పుడు "ఔట్ ఆఫ్ స్పేస్" పెడుతున్నాను. చాలా షోలు వాళ్లు దీంతోనే ముగిస్తారు. చాపలు చుట్టేద్దాం, కుర్చీలు గోడకి జరపండి. పెద్దవాళ్లు కూర్చోవచ్చు, కానీ మాక్స్ రోమియో గొంతు వచ్చేదాకా ఆగి చూడండి, కూర్చోగలరేమో.